పదకొండున్నరలోపు రష్యన్

తిరుపతి, గోవిందరాజస్వామి గుడి వెనక వీధి. కృష్ణస్వామి ఇంటి వరండాలో ఒక నల్లబల్ల, రెండు కుర్చీలు, గోడకు గడియారం. పదకొండుకు పది నిమిషాలుంది. పూతలపట్టు నుంచి వచ్చిన ఆడమనిషి ఒళ్లో గోనెసంచి పెట్టుకుని, చేతిలో ఫోను పట్టుకుని కూర్చుంది. కుర్రకారుకు తప్ప ఇంకెవరికీ రష్యన్ చెప్పి ఎరగని డెబ్బై రెండేళ్ల ముసలాయనకు, ఆమె ఆ సంచిని కింద పెట్టకపోవడమే మొదట నచ్చలేదు.

"అక్షరాలు నాకొద్దు అయ్యవారూ."

"అక్షరాలు వద్దంటే ఎలాగమ్మా? ముప్పై మూడే ఉన్నాయి. మన యాభై ఆరూ నేర్చిన నాలుకకు అదొక లెక్కా! ఇదిగో, ఇది 'ఆ'. ఇది 'బే'."

"మాటలు కావల్ల నాకు. పదే పది. పదకొండున్నరలోపల."

"ముహూర్తం పెట్టుకుని భాష నేర్చుకునేవాళ్లని ఇప్పుడే చూస్తున్నాను. పేరేమన్నావు?"

"లోకేశ్వరి."

"చూడు లోకేశ్వరీ, నలభై ఏళ్లుగా నా మొదటి పాఠం ఒకటే. 'ఎతా దోమ్.' ఇది ఇల్లు. 'ఎతా మామా.' ఈమె అమ్మ. ఏదీ, అను."

"కాల్చొద్దు అనేదానికి ఏమంటారు?"

"ఏమిటీ?"

"తుపాకి పెట్టి కాల్చొద్దు. నన్ను సంపొద్దు. దానికి ఏమంటారు ఆ భాషలో?"

"మొదటి పాఠంలో అది ఉండదమ్మా."

"మా తమ్మునికి మొదటి పాఠం అదే."

"మీ తమ్ముడు డాక్టరీ చదవడానికి వెళ్లాడన్నావు కదా, ఫోన్లో?"

"అన్నా."

"మరి?"

"అట్ల అనకుంటే మీరు రమ్మనేవాళ్లా?"

"అబద్ధం చెప్పి వచ్చావన్నమాట."

"ఒకటే చెప్పినా. కాల్చొద్దు అని ఎట్లనాల్నో చెప్పండి, టైము పోతాంది."

"'నే స్త్రెల్యాయ్.'"

"నే... నే సెల్లాయ్."

"స్త్రెల్యాయ్. నాలుక పళ్లకు తగలాలి. ముందు అతను ఎక్కడున్నాడో చెప్పు."

"నే స్త్రెల్యాయ్. నే స్త్రెల్యాయ్. గుంతలో ఉండాడు."

"గుంతంటే?"

"యుద్ధం జరిగే తావులో మనిషిలోతు తవ్విన గుంత. మోకాటిదంకా బురద. దాంట్లో పదకొండు మంది బతికినోళ్లు, ఒకడు సచ్చినోడు."

"చచ్చినవాడు?"

"మునిరత్నం. మా వూరి యశోదమ్మ కొడుకు. మా తమ్ముడు బాలచంద్ర, వాడు ఒకే విమానంలో పోయినారు. ఆ నడుమ ఒకనాడు ఆడి రష్యా ఆఫీసరు అరిసినాడంట, పండుకోండి అని. అందరూ బోర్లా పడినారు. మావాడు పక్కోన్ని సూసి పడినాడు. మునిరత్నం మాత్రం నిలబడుకోని, ఏమంటాండాడురా బాలా, ఏమంటాండాడురా అని అడగతా ఉండాడంట. పైనించి డ్రోను వచ్చి పడింది. నడుము కాన్నించి కిందికే మిగిలినాడు."

"నారాయణ, నారాయణ!"

"పండుకో అనేదానికి ఏమంటారు?"

"ఉండు తల్లీ, నన్ను కాస్త..."

"ఆ ఒక్క మాట తెలిసింటే వాడు బతికుండు గదా సామీ. ఏమంటారు?"

"'లజీస్.'"

"లజీస్."

"గుండె దడగా ఉందమ్మా నాకు."

"నాకు ఎనిమిది నెలల్నించి ఉండాది. లజీస్, పండుకో. రాసుకున్నా. తరవాత?"

"'స్తోయ్', ఆగు. 'నజాద్', వెనక్కి. 'ఫ్పెర్యోద్', ముందుకి."

"అది నోరు తిరగలా. మళ్లా చెప్పండి."

"ఫ్పెర్యోద్. పెదాలు రెండూ బిగించి వదులు."

"ఫ్పెర్యోద్. అది ఎప్పుడంటారు?"

"తరిమేటప్పుడు. సైన్యంలో... దాడికి పంపేటప్పుడు."

"అంటే వాడు ఎక్కువగా వినేది అదే."

"అలా అనుకోకమ్మా."

"ఫ్పెర్యోద్. ఫ్పెర్యోద్. ఫ్పెర్యోద్. వచ్చిందా?"

"వచ్చింది. నువ్వు ఎంతవరకు చదివావు?"

"ఏడు. మా అమ్మ పోయినాక వాన్ని నేనే ఎత్తుకోని పెంచినా. పెండ్లయినాక గూడా నా ఎనకాలే వచ్చినాడు. దెబ్బ తగిలింది అనేదానికి?"

"'యా రానెన్.' నాకు గాయమైంది."

"మా బాలచంద్రకు సేతిలో దెబ్బ తగిలింది. అది ఎట్ల చెప్పాల్నో తెలీక, ఒళ్లు వంచి పని చెయ్యడని తుపాకి మడమతో దవడ మీద కొట్టినారు. మూడు పళ్లు పోయినాయి. సేతులతో సైగ చేస్తే ఎగతాళి చేస్తాండావా అని ఇంకోటి. మీకు తెలుసునా అయ్యవారూ, మాట రానోన్ని కొడితే కొట్టేవానికి అలుపే రాదంట."

"ఏమండీ, మజ్జిగ తెచ్చాను. ఆ అమ్మాయికీ ఇవ్వండి. ఎండన పడి వచ్చింది."

"అక్కడ పెట్టు పెరుందేవీ, పాఠం జరుగుతోంది."

"పాఠమంటే మీ మొహం అలా పాలిపోయిందేం? ఆ సంచి కింద పెట్టుకోరాదా అమ్మా, ఒళ్లో ఎందుకు బరువు?"

"బరువేం లేదమ్మా. మామిడికాయలు కోసే కత్తి. గుజ్జు ఫ్యాక్టరీలో పని నాకు. రాత్రి డ్యూటీ దిగి అట్లే బస్సెక్కి వచ్చేసినా."

"అయ్యో, నిద్ర కూడా లేకుండా! ఏమండీ, అడగడం మరిచాను. రెండు వారాలుగా మన భానుచందర్ రాలేదేం? కాగితాలు ఇచ్చిపోతూ కొండ లడ్డు కూడా చేతిలో పెట్టేవాడు పాపం."

"నువ్వు లోపలికి వెళ్లు."

"ఎవరమ్మా ఆ భానుచందర్?"

"పిల్లల్ని విదేశాలకు పంపిస్తాడమ్మా. మంచివాడు. రష్యా కాగితాలు మాత్రం మా వారి దగ్గరికే..."

"పెరుందేవీ! లోపలికి వెళ్లమన్నానా!"

"వెళ్తున్నాను, అరుస్తారెందుకు? కాస్త మర్యాదగా చెబితే వినమా?"

ఆమె వెళ్లాక కృష్ణస్వామి మజ్జిగ గ్లాసు ఎత్తి, తాగకుండానే మళ్లీ పెట్టాడు.

"రాలేడులే అయ్యవారూ, ఆయప్ప ఇంక. రెండు సేతులూ ఇరిగినాయి."

"ఎవరికి?"

"భానుచందర్‌కు."

"ఎలా?"

"మా నాయన మునిరామయ్య ఇరగ్గొట్టినాడు. రోకలితో. మొన్న, పూతలపట్టులో బస్సులు నిలిచే తావులో, జనం సూస్తాండంగానే. కుడిచెయ్యి ఇరిగినప్పుడు నాకేం తెలీదు, తెలీదు అన్నాడు. ఎడంచెయ్యి ఇరిగినప్పుడు మీ వీధి పేరు చెప్పినాడు. మా నాయనను స్టేషన్లో పెట్టినారు. నేను ఈడికి వచ్చినా."

"అమ్మా, నేను..."

"మా తమ్మునికి ఇచ్చిన ఈ కాగితం మీదే గదా?"

"కళ్లద్దాలు..."

"ముక్కు మీదే ఉండాయి సూడండి. ఈ ముద్ర మీదే గదా? కృష్ణస్వామి, రష్యన్ అనువాదకులు, తిరుపతి. మధ్యలో నామం బొమ్మ."

"నాదే."

"నాలుగు మూలలా పసుపు ఉండాది, కనపడతాందా? ఆ పసుపు పూసి, కొండకు నడిచి పోయి, స్వామి ముందర పెట్టి తెచ్చినానని చెప్పినాడు భానుచందర్. మాస్కోలో క్యాంటీన్లో వంట పని, ఏడాది తిరగంగానే ఇంటికి. అట్లని తెలుగులో రాసింది ఎవరు?"

"నేనే. కానీ ఆ పేజీలో ఉన్నదే రాశానమ్మా. ఒక్క అక్షరం కల్పించలేదు."

"తుపాకి పట్టుకోవల్లని యాడుండాది?"

"ఆ పేజీలో లేదు."

"ఏ పేజీలో ఉండాది?"

"తెలీదు."

"తెలీదా?"

"అతను నాకిచ్చింది రెండే పేజీలు. మొదటిది, ఆఖరిది."

"కింద నంబర్లు ఏముండాయి?"

"ఒకటి. ఆరు."

"నాలుగు పేజీలు యాడ పోయినాయని అడగలేదా?"

"అడగడం మాకు అలవాటు లేదు. మద్రాసులో ఇరవై ఆరేళ్లు యంత్రాల పుస్తకాలు తెలుగు చేశాను. ఒక పుస్తకాన్ని విడదీసి నలుగురికి పంచేవాళ్లు. నా పేజీలు నావి, పక్కవాడివి వాడివి. ముందేముంది, వెనకేముంది అంటే నీకెందుకయ్యా అనేవాళ్లు. చేతికొచ్చిన పేజీ తప్పు లేకుండా చెయ్యడమే గొప్ప అనుకుని బతికినవాణ్ణి."

"ఈ ముద్రలో ఏమని ఉండాది? చదవండి."

"ఎందుకమ్మా..."

"చదవండి!"

"'పూర్తి పత్రం చదివి చేసిన సరైన అనువాదం.'"

"పూర్తి పత్రం."

"ఎప్పుడో చేయించిన ముద్ర అమ్మా. మార్చలేదు. తప్పే. తప్పే తల్లీ."

"వాడు పోనన్నాడు. తెలుసునా మీకు? అక్కా, నాకు భయంగా ఉండాది, ఈడనే ట్రాక్టర్ తోలుకుంటా అన్నాడు. నేనే తోసినా. నామం పెట్టుకునే అయ్యవారు చదివి ముద్రేసినాడు, ఆయన అబద్ధం రాస్తాడా, పో నాయనా అని నేనే బస్సెక్కించినా. భానుచందర్ను నమ్మి పంపలేదు సామీ. మిమ్మల్ని సూసి పంపినా. మీ మొగం సూడకుండానే."

"నన్ను కొట్టమ్మా. కొట్టు. లేదంటే పోలీసులకు చెప్పు, నేనే వచ్చి నిలబడతాను."

"కొట్టల్లంటే రాంగానే కొడదును. టైమెంత?"

"పదకొండూ ఇరవై రెండు."

"పదకొండున్నరకు ఫోన్ చేస్తాడు. శనివారం శనివారం రెండు నిమిషాలు ఇస్తారంట, పక్కన ఆఫీసరు నిలబడుకోనుంటాడు. ఈ పొద్దు మీరు ఆ ఆఫీసరుతో మాట్లాడల్ల. వానికి సెయ్యి బాగలేదని, మాట తెలీదని, ఎనక వంట కాడికి మార్చమని అడగల్ల. కాళ్లు పట్టుకోని అడగల్ల."

"అడుగుతాను. తప్పకుండా అడుగుతాను."

"ఆ మనిషి ఏం చెప్తే అది నాకు చెప్పల్ల. మంచైనా, చెడైనా. ఆ పొద్దు రెండు పేజీలు చెప్పినారు. ఈ పొద్దు ఆరూ చెప్పండి."

"చెబుతాను."

"మీ స్వామి మీద ఒట్టేసి చెప్పండి."

"గోవిందరాజస్వామి సాక్షిగా చెబుతాను."

"సరే. ఇంకా ఎనిమిది నిమిషాలుండాది. అవతలోళ్లకు దొరికిపోతే ఏమంటారు వీళ్లను?"

"'రూకి వ్వెర్ఖ్.' చేతులు పైకెత్తు అని."

"రూకి వేర్క్."

"అలా బతిమాలుతున్నట్టు కాదమ్మా. ఆయుధం పట్టుకున్నవాడు అనే మాట అది. గద్దించాలి. వ్వెర్ఖ్! గొంతులోంచి రావాలి."

"మా తమ్ముడు అనే మాట కాదు గదా, వినే మాట."

"వినేవాడికైనా సరిగ్గా తెలియాలి కదా."

"రూకి వ్వెర్ఖ్."

"ఇంకాస్త."

"రూకి వ్వెర్ఖ్! సేతులు ఎత్తితే కాల్చరా?"

"కాల్చకూడదు."

"కాల్చరా?"

"తెలీదమ్మా."

"ఆ, ఇది నిజం. ఇట్ల చెప్పండి నాకు."

పదకొండున్నర దాటి నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలూ ఇద్దరూ గడియారాన్నే చూశారు. ఫోను మోగింది.

"బాలా! నాయనా!"

"అక్కా, ఇనపడతాందా?"

"ఇనపడతాంది నాయనా. తిన్నావా?"

"రెండు దినాలాయ. నాయన బాగుండాడా?"

"బాగుండాడు, బాగుండాడు. స్పీకర్లో పెట్టినా, రష్యా మాటలు తెలిసిన అయ్యవారు పక్కనే ఉండాడు. బిరీన విను. లజీస్ అంటే పండుకో. అరిసినారంటే వెంటనే పడిపో. అను."

"లజీస్."

"స్తోయ్, ఆగు. నే స్త్రెల్యాయ్, కాల్చొద్దు. యా రానెన్, నాకు దెబ్బ తగిలింది."

"యా రానెన్... అక్కా, సెయ్యి నల్లగా అయిపోయింది. వాసనొస్తాది. నిన్న ఒక నేపాలాయన ఎనక్కి ఉరికినాడు. మా ఆఫీసరే కాల్చినాడక్కా, వీపులో. నా ముందరే. ఇంకా అరస్తానే ఉండె, ఇంకోతూరి కాల్చినాడు."

"ఎనక్కి ఉరకొద్దు నాయనా. నజాద్ అంటే ఎనక్కి. వాళ్లు అంటేనే పోవల్ల."

"అక్కా, మునిరత్నంవి బూట్లు నేనేసుకున్నా. వాళ్లమ్మకు చెప్పొద్దు."

"చెప్పను. చెప్పను నాయనా. ఆ సద్దేంది?"

"అది రోజూ ఉండేదే. అక్కా, ఆయప్ప ఫోను లాక్కుంటాండాడు. అక్కా..."

"క్తో ఎతా?"

"అయ్యవారూ, ఆఫీసరు! మాట్లాడండి! మాట్లాడండి సామీ!"

"జ్ద్రావ్‌స్త్వుయ్‌తె! యా ఉచీతెల్, ఇజ్ ఇందీయి. పజాలుస్తా, ఒన్ రానెన్, ఒన్ నే పనిమాయెత్..."

"ఉచీతెల్? హ! స్లూషయ్, ఉచీతెల్. జాఫ్త్రా ఫ్పెర్యోద్. ఇందూసీ పెర్వియె. ఫ్పెర్యోద్, పన్యాల్? తోల్క ఫ్పెర్యోద్! నజాద్... రస్త్రెల్."

"పజాలుస్తా, ఒన్ మాల్చిక్..."

"ఫ్స్యో."

"హలో! బాలా! బాలా!"

"పెట్టేశాడమ్మా."

"మళ్లా చేస్తా."

"కలవదు. స్విచాఫ్ అంటోంది, విను."

"ఏమన్నాడు?"

"కాస్త మజ్జిగ తాగు ముందు."

"ఏమన్నాడు అయ్యవారూ?"

"మంచి మాటే అన్నాడు."

"ఏమని?"

"నేనడిగిందానికి... ఒప్పుకున్నాడు. టీచర్ని కదా, మర్యాద ఇచ్చాడు. రేపు మీవాణ్ణి వెనకవైపుకు పంపిస్తారట. వంటశాలకి. చేతికి కట్టు కూడా కడతారట."

"వంటశాలకి?"

"అవునమ్మా."

"రేపేనా?"

"రేపే. ఇంక దిగులు పడకు. ఇంటికెళ్లి కాస్త పడుకో."

"స్వామి మీద ఒట్టేసినారు."

"వేశాను. వేశాను కదా."

"నవ్వినాడు గదా ఆ మనిషి, మొదట?"

"అది... సంతోషంగా నవ్వాడు."

"అట్లనా."

"పెరుందేవీ! ఈ అమ్మాయికి అన్నం పెట్టు, తిని వెళ్తుంది!"

"ఫ్పెర్యోద్ అన్నాడు అయ్యవారూ."

"ఏమిటి?"

"మూడు తూర్లు అన్నాడు. ఏలు మడిచి లెక్కేసినా. ఫ్పెర్యోద్ అంటే ముందుకి. తరిమేటప్పుడు అంటారు. అరగంట ముందర మీరే గదా నేర్పించినారు?"

"అది వేరే... మాటవరసకి..."

"కడాన నజాద్ అన్నాడు. దాని ఎనకాల ఇంకోటి అన్నాడు, రస్త్రెల్. అది నాకు నేర్పలా మీరు. ఎనక్కి ఉరికిన నేపాలాయనను వీపులో కాల్చినాడని విన్నాక అది నేర్చుకునే పని గూడా లేదు."

"నీ గుండె తట్టుకోదనుకున్నానమ్మా! రేపు ఇండియావాళ్లనే మొదట ముందుకి తోస్తారని నిజం చెబితే నువ్వేమైపోతావోనని! కన్నబిడ్డకైనా అలాగే చెబుదును తల్లీ. దయతోనే అన్నాను!"

"ఆ పొద్దు గూడా నాలుగు పేజీలు దయతోనే వదిలేసినారా?"

"అది వేరు, ఇది వేరు!"

"ఒకటే. ఉన్నదాంట్లో మీకు సులువైంది చెప్పినారు. వాడు రేపు సస్తాడు. మీరు నిజం చెప్పింటే గూడా వానికి ఇంకేమీ చెప్పుకునేదానికి లేదు, ఫోను పోయింది. కానీ అబద్ధం మోసుకోని నేను నవ్వుకుంటా ఇంటికి పోవల్లంటారు. మా నాయనకు చెప్పల్లంటారు, వంటశాలకి పోయినాడు నాయనా అని."

"లోకేశ్వరీ, ఆ సంచి కింద పెట్టమ్మా."

"ఈ కాగితాలు ఎంతమందికి చేసినారు?"

"సంచి కింద పెట్టు. మాట్లాడుకుందాం."

"ఎంతమందికి?"

"పధ్నాలుగు."

"ముద్ర ఏ చేత్తో వేసినారు?"

"అమ్మా... వద్దు తల్లీ... పెద్దవాణ్ణి..."

"ఏమండీ, అన్నం వడ్డించాను, ఆ అమ్మాయిని రమ్మనండి!"

"పెరుందేవమ్మా, మీరు ఆడనే ఉండండి. తలుపు గడి పెట్టుకోండి."

"ఎందుకమ్మా?"

"పాఠం ఇంకా అయిపోలా. రూకి వ్వెర్ఖ్, అయ్యవారూ."